జూదమునకు రాజముద్ర

జూదమును నిషేధింపవలెనా, లేక అనుమతించి పన్ను రాబట్టవలెనా అను వివాదము నేటి శాసనసభలలో పుట్టినది కాదు. ప్రాణములేని పాచికలతో ఆడునది ద్యూతమనియు, ప్రాణులను పురికొల్పి ఆడించునది సమాహ్వయమనియు విభజించి, రెండును బహిరంగ చౌర్యములే గనుక రాజు వానిని తన దేశమునుండి వెడలగొట్టవలెనని మనుస్మృతి విధింపగా, కౌటిల్యుడు ద్యూతాధ్యక్షుని నియమించి, ఆటను ఒక్కచోటనే జరిపించి, పాచికలను ఆ అధికారియే అద్దెకిచ్చి, గెలిచిన సొమ్ములో నూటికి అయిదు వంతున బొక్కసమునకు చేర్చవలెననెను. చాటుమాటున బ్రదుకువారి జాడలు అచ్చట తెలియునన్నది ఆయన చూపిన మరియొక ప్రయోజనము.

గోదావరి సీమలోని సంక్రాంతి కోడిపందెములు ఆ సమాహ్వయమే. హైకోర్టు వారించినను భోగినుండి కనుమవరకు బరులు వెలయుచునే యున్నవి. వాని ప్రక్కనే గుండాట, పేకాట.

పేకాట విషయమున తెలుగునాటి వ్యాజ్యమే దేశమునకు ప్రమాణమైనది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో 1968లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకును, ఏది పట్టి ఏది వదలవలెనో యెంచుటకును నేర్పు కావలెను గనుక రమ్మీ ప్రధానముగా నైపుణ్యక్రీడయని తీర్పు చెప్పెను. ఆట నడుపువారు దానినుండి లాభము గడించినచో నేరము కావచ్చునను హెచ్చరికయు అందే కలదు. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, ఫోనులో రమ్మీ ఆడించి పందెపు సొమ్మునుండి కమీషను తీసికొన్న కంపెనీలు మొదటి మాటను కంఠస్థము చేసి రెండవదానిని విస్మరించినవి. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను ఆ ఆటలను నిషేధించినవి.

బరిలో ఓడినవాని సంగతి ఊరందరికి తెలియును. అప్పిచ్చువాడు వెనుకాడును, మేనమామ మందలించును, పండుగ మూడునాళ్లలో ముగియును. అర్ధరాత్రి దుప్పటిలో ఫోనుపై ఓడినవాని సంగతియో, తన నగలు తాకట్టు దుకాణము చేరినపుడుగాని భార్యకైనను తెలియదు. ఈ రెండవ జూదమే నాకు ఎక్కువ భయంకరముగా తోచుచున్నది.

అయినను అనుమతివాదుల మాటను తేలికగా త్రోసివేయరాదు. నిషేధింపబడిన ఆట ఆగిపోక చీకటిలోనికి పోవును. పన్నుగా రావలసినది మామూళ్లుగా చేతులు మారును. పూర్తిగా అరికట్టజాలనిచో నియంత్రించుటయే మేలనియు, ప్రభుత్వ సబ్సిడీలు పొందువారిని మాత్రము జూదమునకు దూరముగా నుంచవలెననియు 2018లో లా కమిషను సూచించినది. కేంద్రమో, 2023 అక్టోబరునుండి ఆన్‌లైన్ పందెపు సొమ్ముపై నూటికి 28 వంతుల జీఎస్టీ విధించి కౌటిల్యుని పక్షము వహించినది. 2025 ఆగస్టులో నైపుణ్యమా, అదృష్టమా యను విచక్షణ విడిచి, డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలన్నిటిని నిషేధించుచు చట్టము చేసి మనువు పక్షము చేరినది. రెండేండ్లలో రెండు ధర్మశాస్త్రములు!

గోవా మరియొక మార్గము త్రొక్కినది. మాండవి నదిపై నౌకలలో కాసినోలను అనుమతించి, వానివలన వచ్చు ఆదాయమును అనుభవించుచున్న ఆ ప్రభుత్వము, 2020లో గోవావాసులు మాత్రము ఆ జూదశాలలలో అడుగిడరాదని కట్టడి చేసినది. హైదరాబాదునుండి విమానమెక్కి పోవువారికి అట్టి అడ్డంకి యేదియు లేదు.