వెతకలేదు... దొరికింది!

జారిపడ్డ రూపాయి బిళ్ల కోసం వంగితే రోమన్ నాణెం కనిపించిందనుకోండి. ఆ ఆశ్చర్యానికి ఇంగ్లిష్‌లో ఓ ముచ్చటైన మాట ఉంది... సెరెండిపిటీ! వెతకని మంచిదేదో అనుకోకుండా చేతికి చిక్కడమన్నమాట. ‘వెతకబోయిన తీగ కాలికి తగిలింది’ అని మనమూ అంటాంగా అనకండి. అక్కడ బయల్దేరిందే తీగ కోసం!

ఈ మాటకు పుట్టినరోజు కూడా ఉంది. 1754 జనవరి 28న ఆంగ్ల రచయిత హొరేస్ వాల్‌పోల్, ఫ్లారెన్స్‌లో ఉంటున్న మిత్రుడు హొరేస్ మాన్‌కు రాసిన ఉత్తరంలో దీన్ని సృష్టించాడు. సెరెండిప్ రాకుమారులు ముగ్గురి కథే దానికి మూలం. 1557లో వెనిస్‌లో అచ్చయిన ఆ కథలో, దారికి ఒకవైపే గడ్డి మేసి ఉండటం చూసి, అటుగా వెళ్లింది ఒంటికన్ను ఒంటె అని చెప్పేస్తారు వాళ్లు. ఇంతకీ సెరెండిప్ అంటే ఏ ఊరో కాదు, శ్రీలంకే. మన సింహళద్వీపం అరబ్బుల, పర్షియన్ల నోళ్లలో నాని ‘సరందీబ్’ అయింది!

అయితే వాల్‌పోల్ ఓ మెలిక పెట్టాడు. అదృష్టం ఒక్కటే చాలదు, చురుకైన బుర్రా ఉండాలన్నాడు. 1926లో నాగార్జునకొండ లోయలో ఓ పాత స్తంభం సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు కంటపడింది. ఆయన ఊరుకోకుండా ప్రభుత్వానికి చెప్పారు. ఇక్ష్వాకుల విజయపురి అలా బయటపడింది. విచిత్రమేమిటంటే, అక్కడి శాసనంలో ‘సీహళ విహారం’ ప్రస్తావన ఉంది. అదీ సింహళమే!

అమరావతిది మరో కథ. 18వ శతాబ్దం చివర్లో దీపాలదిన్నెను తవ్వితే శిల్పాలు బయటపడ్డాయి. కర్నల్ మెకంజీ వచ్చి చూసి రాసుకున్నాడు సరే, అప్పటికీ ఆ తర్వాతా ఎన్నో పలకలు గోడల్లోకి, సున్నపు బట్టీల్లోకి పోయాయి.

సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో (ఐటీ కొండాపూర్ కాదండోయ్!) 1940-42లో నిజాం పురావస్తు శాఖ పలుగు వేసింది వెతకడానికే. శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు సరే, రోమన్ చక్రవర్తి అగస్టస్ నాణెం కూడా దొరకడం మాత్రం ఆశ్చర్యమే. అక్కడి మ్యూజియం చూసి పటాన్‌చెరు వైపు వస్తుంటే దారిపొడవునా ఫ్యాక్టరీలు, షెడ్లు. పునాది తవ్వే పొక్లెయిన్ తొట్టిలో పాత కుండ పెంకు పడితే ఆపి చూసేదెవరు?

ఆపాల్సిన బాధ్యత మాత్రం ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉన్నది పది రూపాయలకు మించి విలువ చేసేదైతే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.