కూలి అడగడం వచ్చు, ధర చెప్పడమే రాదు
సోలాపూర్ భవాని పేట్ మగ్గాల గల్లీల్లో రేటు చుట్టూ అల్లుకున్న అపోహలు, అసలు లెక్కలు

సోలాపూర్‌లో కూలి కోసం కొట్లాడటం ఎవరికీ నేర్పనక్కర్లేదు. బట్టల మిల్లుల కాలం నుంచే ఈ ఊరికి సమ్మెలు తెలుసు. మరమగ్గాల కార్మికులు, బీడీ కార్మికులు రోడ్డెక్కితే పైసలతో సహా లెక్క చెబుతారు. అందరూ ఆడం మాస్టర్ అని పిలిచే నర్సయ్య ఆడం ఈ పోరాటాల నుంచే ఎదిగి శాసనసభకు వెళ్ళాడు. అసంఘటిత కార్మికుల కోసం కుంభారీ దగ్గర రేనగర్‌లో కట్టిన 15,000 ఇళ్ళను 2024 జనవరిలో ప్రధానమంత్రి వచ్చి అప్పగించారు. ఇంత గట్టిగా కూలి అడిగే ఊళ్ళో అదే కార్మికుడు అప్పో సప్పో చేసి నాలుగు సాంచాలు (మరమగ్గాలు) కొని కార్ఖానా పెట్టుకున్నాక, సరుకు ఎంతకిస్తావంటే మాత్రం నీళ్ళు నములుతాడు.

దీనికి పాత కారణం ఒకటుంది. తెలంగాణ పల్లెల నుంచి కరువుకూ బతుకుదెరువుకూ ఇక్కడికి వచ్చిన పద్మశాలీల్లో చాలామంది సాహుకారు దగ్గర బయానా (ముందస్తు డబ్బు) తీసుకుని, సాహుకారు ఇచ్చిన నూలే నేసి, చీర అప్పగించి కూలి తెచ్చుకున్నవాళ్ళే. ఆ చీర బజార్లో ఎంత పలికిందో నేసినవాడికి చెప్పే పనే లేదు. చీరలు పోయి చద్దర్లు, టవళ్ళు వచ్చాయి. చేతి మగ్గం పోయి సాంచా వచ్చింది. ధర చెప్పేది ఇంకెవరో అనే అలవాటు మాత్రం పోలేదు. భవాని పేట్‌లో ఇప్పటికీ వినిపించే కొన్ని మాటలను దగ్గరగా చూస్తే ఇది తెలిసిపోతుంది.

అపోహ: పక్క గల్లీలో ఎంతకిస్తే మనమూ అంతకే ఇవ్వాలి

"సేట్, ఐదు వందలకు కిట్టది."
"పక్క గల్లీల గదే రేటుకు ఇస్తున్నరు గదా. నీకే ఎందుకు కిట్టది?"

సరుకు కొనే వ్యాపారితో, అంటే సేట్‌తో, బేరం ఇక్కడే ముగుస్తుంది. ఎందుకు కిట్టదో చెప్పడానికి కార్ఖానాదారు దగ్గర కాగితం లేదు. అతనికి తెలిసిన లెక్క చేతి నుంచి పోయే డబ్బు వరకే. ఒక చద్దర్‌కు రంగు అద్దిన నూలు 360 రూపాయలు, నేత కూలి 50, కరెంటు 20, పడుగు, కుట్టు, ప్యాకింగ్ కలిపి 30 అనుకుందాం. ఇవి ఊహాంకెలే, మీ అంకెలు మీరు వేసుకోండి. మొత్తం 460. ఐదు వందలకు ఇస్తే 40 మిగిలినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు చేతి నుంచి పోనివి కలుపుదాం. నెలకు 600 చద్దర్లు దిగుతాయనుకోండి. షెడ్డు సొంత ఇంట్లోనే ఉంది కాబట్టి అద్దె రాయడు. అదే షెడ్డు ఇంకొకరికిస్తే 9,000 వచ్చేదైతే చద్దర్‌కు 15 రూపాయలు. మరమ్మతులకూ, ఏనాటికైనా సాంచా మార్చడానికీ నెలకు 6,000 పక్కన పెడితే మరో 10. నూలులో నూటికి మూడు వంతులు వేస్టేజీ పోతే 10 రూపాయల 80 పైసలు. సేట్ డబ్బిచ్చేది మూడు నెలలకు. 460 రూపాయల పెట్టుబడికి నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున 20 రూపాయల 70 పైసలు. ఇవన్నీ కలిపితే 56 రూపాయల 50 పైసలు. అంటే చద్దర్ అసలు ఖర్చు 516 రూపాయల 50 పైసలు. ఐదు వందలకు అమ్మిన ప్రతి చద్దర్ మీద 16 రూపాయల 50 పైసలు చేతి నుంచే పడుతోంది. నెలకు 9,900. కార్ఖానాదారు సొంత జీతం ఇంకా ఇందులో రాయనేలేదు.

మరి పక్క గల్లీ వాడికి ఎలా కిట్టింది? బహుశా అతనికీ కిట్టలేదు, అతను కూడా మిమ్మల్ని చూసే ఆ రేటు చెప్పి ఉంటాడు. లేదంటే అతను రొక్కమిచ్చి నూలు చవగ్గా కొని ఉండాలి, సాంచా అప్పులు తీరి ఉండాలి, చద్దర్ బరువులో వంద గ్రాములు తగ్గించి ఉండాలి. అతని రేటు మీకు కనబడుతుంది గానీ అతని లెక్క కనబడదు.

ఇంత లెక్క వేసినంత మాత్రాన సేట్ అడిగినంత ఇస్తాడని కాదు. కొనేవాడికి మీ ఖర్చుతో పనిలేదు. లెక్క ఉపయోగం వేరు. ఏ రేటు దాటి కిందికి దిగకూడదో అది చెబుతుంది. ఆ రేటుకు బజారు రాకపోతే బరువు మార్చాలి, డిజైను మార్చాలి, కొనేవాణ్ణి మార్చాలి, లేదా ఆ రకం నేయడం మానాలి. ఈ నాలుగింటిలో ఏదీ చేయలేనివాడు ఐదో దారి పడతాడు, సాంచా నడిపేవాడి కూలి కోస్తాడు. కూలి గొడవలు సాంచాల దగ్గర మొదలవుతాయని అందరూ అంటారు గానీ, వాటిలో చాలా వరకు సేట్ గద్దె దగ్గర తలూపినప్పుడే మొదలైనవి.

అపోహ: ఇంట్లోవాళ్ళ పనికి లెక్కేంటి, అది ఊరికే వచ్చేది

ఈ మాట నాకు అన్నిటికంటే వింతగా తోస్తుంది. ఎందుకంటే భవాని పేట్‌లో ఒకే గుమ్మం లోపల ఒకే ఆడమనిషి రెండు పనులు చేస్తుంది. పొద్దున ఆకు, తంబాకు తెచ్చుకుని బీడీలు చుడుతుంది. ఆకు నీళ్ళలో నానబెట్టి, కత్తిరించి, మడిచి, దారం కట్టి కట్టలు కట్టి అప్పగిస్తే వెయ్యి బీడీలకు ఇంత అని రేటుంది. ఆ కనీస వేతనాన్ని ప్రభుత్వం నిర్ణయిస్తుంది, యూనియన్ అడుగుతుంది, తగ్గితే గొడవవుతుంది. సాయంత్రం అదే మనిషి కార్ఖానాలో కూర్చుని కండెలు చుడుతుంది, చద్దర్ల అంచుల దారాలు కత్తిరిస్తుంది, మడతలు పెడుతుంది. దానికి రేటు సున్నా.

పని ఒకే చేతులది. పొద్దున వాటికి ధర ఉంది, సాయంత్రం లేదు. సాయంత్రం పనికి ధర కట్టడం కష్టమేమీ కాదు. ఆ రెండున్నర గంటల్లో ఎన్ని బీడీలు చుట్టేదో ఆమెనే అడగండి. 250 అంటే వెయ్యి బీడీల కూలిలో నాలుగో వంతు. ఆ పూట ఎన్ని చద్దర్లు మడిచిందో చూసి పంచితే చద్దర్‌కు ఇంత అని తేలిపోతుంది. ఆ డబ్బు ఆమె చేతికే ఇస్తే మరీ మంచిది, కనీసం లెక్కలోనైనా రాయాలి. కార్ఖానాదారు తన పనినీ ఇలాగే రాసుకోవాలి. ఇంకొకరి సాంచా నడిపితే వచ్చే కూలి అతని జీతంలో కనీస భాగం. నూలు తేవడం, సేట్ల చుట్టూ తిరగడం, రాత్రి తెగిన పోగులు అతకడం దాని మీద అదనం.

ఇది రాయకపోతే ఏమవుతుంది? కార్ఖానా లాభాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది, ఇల్లు మాత్రం బీడీల మీద గడుస్తుంది.

అపోహ: రేటు కాస్త తగ్గిస్తే గిరాకీ పెరిగి మొత్తం మీద లాభమే

మీ ఖర్చు 520, దాని మీద 25 శాతం వేసి 650కి అమ్ముతున్నారనుకోండి. మిగులు 130. పండగ బేరమని పది శాతం తగ్గించారు, అంటే 65. తగ్గింది పది శాతమే గానీ మిగులు సగానికి సగం పోయింది. పాత మిగులు రావాలంటే రెండింతలు అమ్మాలి. సాంచా రోజుకు నేసేది మాత్రం నేసినంతే.

ఇందులోనే ఇంకో పొరపాటు కూడా దాగి ఉంది. 25 శాతం కలిపాను కాబట్టి అమ్మకంలో 25 శాతం నాదే అనుకుంటారు. 650లో 130 అంటే 20 శాతమే. 25 శాతమే మిగలాలంటే ఖర్చు మీద మూడో వంతు కలపాలి.

తగ్గింపు ఎప్పుడూ తప్పేనని కాదు. రొక్కం ముందే ఇచ్చేవాడికీ, డిజైను మార్చకుండా ఒకటే రకం వందల్లో తీసుకునేవాడికీ తగ్గించొచ్చు. అక్కడ మీ ఖర్చు నిజంగానే తగ్గుతుంది. ఊరికే మొహమాటపడి తగ్గిస్తే ఏదీ తగ్గదు, మీ మిగులు తప్ప.

అపోహ: పెద్ద ఆర్డరు దొరికితే రేటు ఎంతైనా ఫర్వాలేదు

సిరిసిల్లను అడగండి. 2017 నుంచి బతుకమ్మ చీరల ప్రభుత్వ ఆర్డరు అక్కడి సాంచాలకు ఊపిరి పోసింది. అది ఆగిన 2024లో వేల సాంచాలకు పని లేక ఊరే కుదేలైంది. కొనేవాడు ఒక్కడే అయితే పని లేని నెలల ఖర్చు కూడా పని ఉన్న నెలల రేటులోనే రావాలి. సోలాపూర్‌లో స్కూల్ యూనిఫాంలు కుట్టేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. బడులు తెరిచే ముందు నిద్ర లేని పని, ఆ తర్వాత మిషన్ల మీద గుడ్డ కప్పుడే.

అపోహ: సోలాపూర్ పేరు చాలు, రేటు దానంతట అదే వస్తుంది

సోలాపూర్ చద్దర్‌కూ, సోలాపూర్ టెర్రీ టవల్‌కూ భౌగోళిక గుర్తింపు ఉంది. వేరే ఊళ్ళో నేసింది సోలాపూర్ పేరుతో అమ్మకుండా ఆపే చట్టబద్ధమైన హక్కు దానివల్ల వచ్చింది. ధర నిర్ణయించే శక్తి దానికి లేదు. దుకాణంలో మీ పత్తి చద్దర్ పక్కనే పానిపట్ సరుకు ఉంటుంది. పాత బట్టలు చీల్చి తీసిన నూలుతో చేసే దుప్పట్లకు పానిపట్ పెట్టింది పేరు. కొనేవాడికి రెండూ రంగురంగులుగానే కనిపిస్తాయి. తేడా మీరే చెప్పాలి. ఎంత బరువు, ఏ నూలు, రంగు పోతుందా పోదా, ఉతికితే ఎంత ముడుచుకుంటుంది, ఈ నాలుగూ లేబుల్ మీద ఉంటే బేరం రేటు నుంచి సరుకు మీదికి మళ్ళుతుంది. మన చద్దర్లలో చాలా వాటికి ఆ లేబులే ఉండదు.

అపోహ: కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనికి పెట్టుబడేముంది

కొత్త తరం సాంచా షెడ్డులోంచి బయటపడింది. ఇంట్లోనే కూర్చుని జాకార్డ్ డిజైన్లు గీసేవాళ్ళు, దుకాణాలకు పోస్టర్లు చేసేవాళ్ళు, జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్ళు ఉన్నారు. తాతల అలవాటే వీళ్ళకూ వచ్చింది. "మీరే ఎంతో కొంత ఇవ్వండి అన్నా" అంటారు. ఎంతో కొంత అంటే ఆ అన్న కొంతే ఇస్తాడు.

లెక్క ఇలా వేసుకోవాలి. ఇంటికి 30,000 కావాలి. సాఫ్ట్‌వేర్, నెట్, కరెంటు, కంప్యూటర్ అరుగుదల కలిపి 8,000. మొత్తం 38,000. నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు, 200 గంటలు కదా అని భాగిస్తే గంటకు 190. అందరూ చేసే తప్పు ఇదే. ఆ 200 గంటల్లో సగం ఫోన్లు, దిద్దుబాట్లు, బాకీ కోసం తిరగడం, పని లేక కూర్చోవడం. డబ్బు వచ్చే గంటలు వందే అయితే గంటకు 380.

అలాగని గంటల లెక్క సేట్‌కు చెప్పనక్కర్లేదు, అది మీ కోసం. మీ చేయి తిరిగి పది గంటల పని నాలుగు గంటల్లో అయిపోతే, గంటల రేటు చెప్పినవాడు పనితనానికి జరిమానా కట్టినట్టు. ఒక జాకార్డ్ డిజైను వేల చద్దర్ల మీద ఆడుతుంది. దాని ధర అది ఎన్ని పీసుల మీదికి వెళుతుందో చూసి చెప్పాలి. రెండు దిద్దుబాట్లు ఇందులోనే, మూడో దానికి వేరే అని ముందే రాసివ్వాలి.

అపోహ: జీఎస్టీలో చేరకపోతే చవగ్గా అమ్మొచ్చు

అందరికీ కాదు. సరుకు అమ్మేవాళ్ళకు మహారాష్ట్రలో ఏడాదికి 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటే వరకు మామూలుగా నమోదు అక్కర్లేదు. కానీ నూలు మీద మీరు కట్టిన పన్ను అప్పుడు తిరిగి రాదు, ఖర్చులో కలిసిపోతుంది. బిల్లు మీద పన్ను వెనక్కి తీసుకునే పెద్ద వ్యాపారి నమోదైనవాడి దగ్గరే కొంటాడు. నేరుగా ఇళ్ళకు అమ్మేవాళ్ళకు లెక్క వేరు.

అపోహ: ఉద్దెర మర్యాద, దానికి రేటుతో సంబంధం లేదు

పైన లెక్కలో మూడు నెలల ఉద్దెర ఖరీదు 20 రూపాయల 70 పైసలు. షెడ్డు అద్దె కన్నా ఎక్కువ. కాబట్టి రేటు రెండు రకాలుగా చెప్పాలి, రొక్కానికి ఒకటి, ఉద్దెరకు ఒకటి. సేట్ కోప్పడతాడేమోనన్న భయం ఉంటుంది. నూలు వ్యాపారి మీకు చెప్పేది ఆ రెండు రేట్లే కదా!

చట్టం కూడా మీ వైపే ఉంది, చాలామందికి తెలియదంతే. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవాడు ఒప్పందం ఉంటే ఆ గడువులో డబ్బివ్వాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను నిబంధన కూడా తోడైంది. గడువులో చెల్లించని బాకీని కొన్నవాడు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడు, కట్టినప్పుడే చూపుకోవాలి. సేట్ మాట వినకపోయినా అతని ఆడిటర్ మాట వింటాడు.

ఉన్న ఒక్క కొనుగోలుదారు మీద ఎవరూ మొదటి రోజే ఫిర్యాదు చేయరు, చేయమనీ చెప్పను. బిల్లు మీద చెల్లింపు గడువు, మీ ఉద్యమ్ నంబరు (చిన్న సంస్థలకు ప్రభుత్వమిచ్చే నమోదు సంఖ్య) అచ్చువేయించండి, చాలాసార్లు అదే సరిపోతుంది. ఈ రక్షణ తయారుచేసేవాళ్ళకూ సేవలందించేవాళ్ళకూ, కొని అమ్మే వ్యాపారికి కాదు. సరుకు పంపకముందే ఉద్యమ్‌లో నమోదై ఉండటం క్షేమం. ఆ నమోదు ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్‌తో పూర్తిగా ఉచితం. ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి.