సంతానలేమిపై పరిశోధన.. మన హబ్సిగూడలోనే!

బయోటెక్నాలజీ, జెనెటిక్స్ చదివి సాఫ్ట్‌వేర్ కోర్సు వెతుక్కుంటున్నారా? కాస్త ఆగండి

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి తలెత్తి చూస్తే కనిపించేవన్నీ కోచింగ్ బోర్డులే. జావా, డేటా సైన్స్, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు. చైతన్యపురి హాస్టళ్లలో, మలక్‌పేట, మూసారాంబాగ్ అద్దె గదుల్లో ఉంటున్న బీఎస్సీ, ఎమ్మెస్సీ, బీటెక్ బయోటెక్నాలజీ విద్యార్థుల్ని ‘తర్వాత ఏంటి?’ అని అడగండి. చాలామంది నోట ఒకటే మాట: ‘ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు చేసేస్తా’. నేను ఇంజినీరింగ్ చదివి టెక్నాలజీ గురించి రాసుకునేవాణ్ని. సాఫ్ట్‌వేర్‌ను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ మీ గది నుంచి పది కిలోమీటర్ల లోపే హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. కొందరు దంపతులకు పిల్లలు ఎందుకు పుట్టరన్న ప్రశ్నపై అక్కడ ఇరవై ఏళ్లకు పైగా పని జరుగుతోంది. ఆ పనికి మనుషులు కావాలి. ఆ మనుషుల్లో మీరూ ఒకరు కావచ్చు.

ముందు లెక్క తెలుసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం పెద్దవాళ్లలో సుమారు 17.5 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. మీ క్లాసులో అరవై మంది ఉంటే పది మందికి ఈ సమస్య ఎదురుకావచ్చన్నమాట. ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమి అంటారు.

మన ఇళ్లలో పెళ్లయిన రెండేళ్లకు ‘ఇంకా ఏమీ లేదా?’ అని అడిగేది కోడల్నే. మొదట పరీక్షలకు వెళ్లేదీ ఆమే. ప్రయోగశాల చెప్పే లెక్క వేరు. దాదాపు సగం కేసుల్లో మగవాళ్ల వైపు నుంచి కూడా కారణం ఉంటుంది. ఈ ఒక్క సంగతి ఊళ్లలోకి, ఇళ్లలోకి చేరితే ఎన్ని కాపురాలు నిలబడతాయో ఆలోచించండి. ఈ రంగంలో చేసే పరిశోధన జర్నల్‌లో అచ్చయి ఊరుకోదు, నేరుగా ఇంటి గొడవ దాకా వస్తుంది.

వై క్రోమోజోమ్‌లో పోయిన ముక్క

మగవాళ్లకు ఒక వై క్రోమోజోమ్ ఉంటుంది, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. దాని పొడవు చెయ్యిలో కొంత భాగం లేకపోతే వీర్యంలో శుక్రకణాలు ఉండకపోవచ్చని ఇటలీ శాస్త్రవేత్తలు టీపోలో, జుఫార్డి 1976లో చెప్పారు. ఆ ప్రాంతాన్నే తర్వాత ఏజడ్‌ఎఫ్ అన్నారు. అందులో ఎ, బి, సి అని భాగాలున్నాయి.

మరి మన దేశంలో పరిస్థితి ఏమిటి? సీసీఎంబీలో డాక్టర్ కె.తంగరాజ్, డాక్టర్ లాల్జీ సింగ్‌ల బృందం ఈ ప్రశ్న తీసుకుంది. వీర్యంలో శుక్రకణాలు బొత్తిగా లేని 340 మంది భారతీయ పురుషుల డీఎన్‌ఏ పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించింది. 29 మందిలో, అంటే 8.5 శాతం మందిలో, వై క్రోమోజోమ్ ముక్కలు పోయాయని తేలింది. కోడింగ్ వచ్చినవాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే, ప్రోగ్రామ్‌లో ఒక మాడ్యూల్ మొత్తం డిలీట్ అయిపోయింది.

‘అయితే ఏంటి?’ అనకండి. ఆ ముక్క ఏదో తెలిస్తే వైద్యమే మారిపోతుంది. ఎ భాగం లేదా బి భాగం పూర్తిగా పోయినవాళ్లకు శస్త్రచికిత్స చేసి వృషణాల్లో వెతికినా శుక్రకణాలు దొరికే ఆశ దాదాపు లేదు. సి భాగం పోయినవాళ్లలో కొందరికి దొరుకుతాయి. అలా దొరికిన కణాన్ని అండంలోకి నేరుగా ఎక్కించి బిడ్డను కనొచ్చు. కానీ పుట్టేది కొడుకైతే అదే లోపం వాడికీ వస్తుంది. ఈ విషయం ముందే చెప్పాలి కదా! లక్షలు ఖర్చుపెట్టబోయే దంపతులకు ఒక పీసీఆర్ పరీక్ష ఎంత మేలు చేస్తుందో ఇక్కడే అర్థమవుతుంది. పీసీఆర్ మీరు కాలేజీ ల్యాబులో చేసిందే.

ఇదే బృందం ఇంకో పని కూడా చేసింది. ఆండ్రోజన్ రిసెప్టర్ జన్యువులో సీఏజీ అక్షరాల వరస పెరిగితే సంతానలేమి వస్తుందని కొన్ని దేశాల పరిశోధనలు చెప్పాయి. మనవాళ్లలో ఆ సంబంధం కనిపించలేదని సీసీఎంబీ 2002లో ప్రచురించింది. విదేశీ ఫలితాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి మన రోగికి అంటించకూడదన్న పాఠం ఇందులో ఉంది. ‘లేదు’ అని రుజువు చేయడం కూడా పరిశోధనే.

మిగిలిన తొంభై ఒక్క మంది?

వందలో ఎనిమిది, తొమ్మిది మందికి కారణం తెలిసింది. మిగతావాళ్ల సంగతేంటి? ఈ ప్రశ్నకు అప్పట్లో పనిముట్టు లేదు. నెక్స్ట్ జనరేషన్ సీక్వెన్సింగ్ వచ్చాక దారి దొరికింది. సీసీఎంబీ బృందం ముందుగా 47 మంది సంతానం లేని పురుషుల జన్యువుల్లోని కీలక భాగాలన్నింటినీ చదివింది. అనుమానం వచ్చిన మార్పులను దేశంలోని వేర్వేరు ప్రాంతాలకు చెందిన సుమారు 1,500 మందిలో సరిచూసింది. ఫలితంగా 2022లో ఎనిమిది కొత్త జన్యువుల పేర్లు బయటికొచ్చాయి. వాటిలో సీఈటీఎన్1 ఒకటి. దానిలోని ఒక మార్పు వల్ల కణ విభజన మధ్యలోనే ఆగిపోయి, శుక్రకణాలు చాలినన్ని తయారుకావడం లేదని గుర్తించారు.

ఆ తర్వాత ఇదే బృందం టీఈఎక్స్13బి అనే ఇంకో జన్యువును పట్టుకుంది. ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగబిడ్డకు ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. ఆ తల్లికి పిల్లలు పుట్టడంలో ఏ ఇబ్బందీ ఉండకపోవచ్చు, లోపం మాత్రం కొడుకులో బయటపడుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. క్రిస్పర్ పద్ధతిలో ఆ జన్యువును తీసేసి కణాల్లో ఏం జరుగుతుందో కూడా పరిశీలించారు.

సీసీఎంబీకి ఈ విషయం కొత్తేమీ కాదు. 1977లో సంస్థను మొదలుపెట్టిన డాక్టర్ పుష్ప మిత్ర భార్గవ స్వయంగా ఎద్దు వీర్యంలోని సెమినల్‌ప్లాస్మిన్ అనే ప్రొటీన్‌పై పనిచేశారు. సంస్థకు చెందిన అత్తాపూర్‌లోని లాకోన్స్ ప్రయోగశాల కృత్రిమ గర్భధారణ పద్ధతిలో 2006లో ‘స్పాటీ’ అనే చుక్కల జింక పిల్ల పుట్టేలా చేసింది.

కారణాలన్నీ జన్యువుల్లోనే లేవు

1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, లాత్రాప్ అనే ఊరి రసాయన ఫ్యాక్టరీలో, తమకు పిల్లలు పుట్టడం లేదని కార్మికులే గమనించారు. పరీక్షిస్తే కొందరిలో శుక్రకణాలు బాగా తక్కువ, కొందరిలో అసలే లేవు. కారణం డీబీసీపీ, మట్టిలోని నులిపురుగులను చంపే మందు. పురుగుమందులు చల్లే రైతు కుటుంబాల నుంచి వచ్చిన మీకు ఈ కథ ఎందుకు ముఖ్యమో చెప్పక్కర్లేదు.

2017లో హగాయ్ లెవీన్ బృందం 185 అధ్యయనాలను, 42,935 మంది వివరాలను కలిపి చూసింది. పాశ్చాత్య దేశాల పురుషుల్లో 1973-2011 మధ్య శుక్రకణాల సాంద్రత సగానికి పైగా పడిపోయిందని లెక్కగట్టింది. అప్పటికి ఆసియా, ఆఫ్రికాల సమాచారం చాలలేదు. పాత లెక్కింపు పద్ధతులను ఎంతవరకు నమ్మొచ్చన్న వాదన ఇంకా నడుస్తోంది. ఆడవాళ్ల వైపు చూస్తే పీసీఓఎస్, ఎండోమెట్రియోసిస్, గర్భనాళాలు మూసుకుపోవడం ప్రధాన కారణాలు. మన దేశంలో నాళాలు మూసుకుపోవడం వెనుక క్షయ కూడా ఉంటుంది. పునరుత్పత్తి ఆరోగ్యంపై పనిచేసే ఐసీఎంఆర్ జాతీయ సంస్థ ముంబయిలో ఉంది. దరఖాస్తు చేసేటప్పుడు దాన్నీ గుర్తుపెట్టుకోండి.

మీ డిగ్రీకి ఇక్కడ ఏం పని?

జెనెటిక్స్, బయోకెమిస్ట్రీ, జువాలజీ, బయోటెక్నాలజీ వాళ్లకు దారి సూటిగానే ఉంది: నమూనాలు, డీఎన్‌ఏ, కణాలు, ఎలుకల మీద ప్రయోగాలు.

బీటెక్ కంప్యూటర్ సైన్స్, స్టాటిస్టిక్స్ వాళ్లూ వెనక్కి తగ్గొద్దు. ఒక మనిషి జన్యువుల కీలక భాగాలు చదివితే వేల తేడాలు బయటపడతాయి. అందులో జబ్బుకు కారణమైనది ఏది, అమాయకంగా పక్కన కూర్చున్నది ఏది? ఈ జల్లెడ పట్టే పని లైనక్స్, పైథాన్, ఆర్‌లతోనే జరుగుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మీరు నేర్చుకుంటున్న పైథాన్ ఇక్కడ కూడా పనికొస్తుంది. అయితే బయాలజీ రాకుండా కోడ్ ఒక్కటే తెలిస్తే చాలదు. జన్యువు ఏంటో, మ్యుటేషన్ ఏంటో ఇంటర్ బోటనీ, జువాలజీ పుస్తకాలతో మొదలుపెట్టినా ఫర్వాలేదు.

తలుపులు ఎక్కడున్నాయి?

పీజీకి: ఉస్మానియాలో జెనెటిక్స్ విభాగం ఉంది, ప్రవేశాలు సీపీగెట్ ద్వారా. దేశస్థాయిలో ఐఐటీ జామ్‌లో బయోటెక్నాలజీ పేపర్, బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే కోర్సులకు గాట్-బి ఉన్నాయి.

పీహెచ్‌డీకి: సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో లైఫ్ సైన్సెస్ రాయండి. ఎమ్మెస్సీతో పాటు బీటెక్ వాళ్లూ రాయొచ్చు. జనరల్ అభ్యర్థులకు 55 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం మార్కులు ఉండాలి. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ అయ్యాక రూ.42,000, దానికి ఇంటి అద్దె భత్యం అదనం. 2023 జనవరి నుంచి ఈ రేట్లు వచ్చాయి. బెట్, గేట్‌లోని బయోటెక్నాలజీ, లైఫ్ సైన్సెస్ పేపర్లు మరో దారి. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీని మరిచిపోకండి. 2022 ఫలితాలు వచ్చిన సమయంలో తంగరాజ్ ఆ సంస్థ డైరెక్టర్‌గా ఉన్నారు.

వెంటనే పని కావాలంటే: ప్రాజెక్టు ఉద్యోగాల ప్రకటనలు సంస్థల వెబ్‌సైట్లలో వస్తుంటాయి. ఇవి కొంతకాలానికే ఉంటాయి, పర్మనెంట్ కావు. కానీ ఏడాది బెంచ్ అనుభవం ఇంటర్వ్యూలో మీ తరఫున మాట్లాడుతుంది.

క్లినిక్ ఉద్యోగమా? ఇది చదవండి

సంతాన సాఫల్య కేంద్రాల్లో ఎంబ్రియాలజిస్టు ఉద్యోగం కూడా ఉంది. అండం, శుక్రకణం, పిండం చూసుకునే పని. పరిశోధన వేరు, ఇది వేరు. 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం ప్రతి కేంద్రం రిజిస్టర్ కావాలి. 2022 నిబంధనల్లో ఎంబ్రియాలజిస్టుకు ఏ చదువు, ఎంత అనుభవం ఉండాలో రాశారు. కొన్ని వారాల సర్టిఫికెట్‌తో ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా ఫీజు అడిగితే ముందు ఆ నిబంధనలు తెరిచి, ఆ సర్టిఫికెట్ అందులో ఎక్కడుందో చూపించమనండి. మణిపాల్‌లో క్లినికల్ ఎంబ్రియాలజీలో ఎమ్మెస్సీ ఉంది. ఈ పనిలో ఒక్క లేబుల్ తారుమారైతే ఒక కుటుంబం తారుమారవుతుంది. అందుకే చదువులో అడ్డదారి వద్దు.

ఇంట్లో ఏం చెబుతారు?

‘ఇన్ని సబ్జెక్టులుండగా అదేం పరిశోధన?’ అని నాన్న అడగొచ్చు. అమ్మ మొహమాటపడొచ్చు. గట్టిగా వాదించకండి. చుట్టాల్లో పిల్లల్లేక మాటలు పడుతున్న అక్కో, పిన్నో ఎవరో ఒకరు గుర్తొస్తారు. ‘అలాంటివాళ్లకు కారణం చెప్పే పని’ అనండి చాలు. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుందని, తర్వాత ఉద్యోగానికి పోటీ ఉంటుందని కూడా దాచకుండా చెప్పండి. స్టైపెండ్ లెక్క కాగితం మీద రాసి చూపించండి.

ఈ నెలలోనే ఇవి చేయండి. నెట్ లైఫ్ సైన్సెస్ సిలబస్ డౌన్‌లోడ్ చేసి తెలిసినవి, తెలియనివి వేరుచేయండి. 340లో 29 అన్న ఆ 2003 పేపర్ వెతికి చదవండి. మొదటిసారి అర్థంకాని పదాలను నోట్‌బుక్‌లో రాసుకోండి. సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం సెప్టెంబరు 26. ఆ రోజుల్లో సీసీఎంబీలో ఓపెన్ డే ఉంటే తప్పకుండా వెళ్లండి. మలక్‌పేటలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో బ్లూలైన్‌కు మారితే హబ్సిగూడ స్టేషన్ వస్తుంది. ఎల్బీనగర్ వాళ్లకు నాగోల్, ఉప్పల్ మీదుగా రోడ్డే దగ్గర. అక్కడ కనిపించిన రిసెర్చ్ స్కాలర్‌ను మొహమాటపడకుండా ఒక్క ప్రశ్న అడగండి: ‘ఇవాళ పొద్దున్నుంచి మీరు చేసిన పనేంటి?’ ఆ జవాబు విన్నాక మీకు ఆసక్తి కలిగితే ఈ దారి మీదే. కలగకపోతే నష్టమేమీ లేదు, సాఫ్ట్‌వేర్ కోర్సు ఎటూ పోదు.