ఒక్కటి తక్కువైన సంఖ్య

నెల మొదటి తేదీన హుండీలో ఒక రూపాయి వేయండి. రెండో రోజు రెండు, మూడో రోజు నాలుగు. ఇలా రోజూ రెట్టింపు చేస్తూ పోతే 31వ తేదీ రాత్రికి హుండీలో ఉండేది 2,14,74,83,647 రూపాయలు. 31 రెండ్లను వరుసగా హెచ్చవేస్తే వచ్చే సంఖ్యకు ఇది సరిగ్గా ఒకటి తక్కువ. దీని విశేషాలన్నీ ఆ ఒక్కటి తక్కువ కావడం నుంచే పుట్టాయి.

ఇలా రెండ్లను హెచ్చవేస్తే వచ్చే సంఖ్యలకు ఒకటి తక్కువగా ఉండేవాటిని ఫ్రెంచి పండితుడు మారిన్ మెర్సెన్ పేరిట మెర్సెన్ సంఖ్యలంటారు. వాటిలో ప్రధాన సంఖ్యలు, అంటే 1తోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగం పోనివి, చాలా అరుదు. 3, 7, 31, 127 అంటూ సాగే ఆ వరుసలో మన సంఖ్యది ఎనిమిదో స్థానం.

అది ప్రధాన సంఖ్యేనని 1772లో తేల్చినవాడు లియొనార్డ్ ఆయిలర్. అప్పటికి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ఆయనకు చూపు దాదాపుగా పోయింది. మామూలు పద్ధతిలో అయితే వర్గమూలం 46,340 దాకా ఉన్న 4,792 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలి. కానీ ఈ సంఖ్యను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 62తో భాగించినప్పుడు 1 మిగలాలి. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. ఈ రెండు జల్లెళ్లు పడితే మిగిలేవి సుమారు ఎనభై. మొదటిది 311. కాగితం మీద చేసి చూడండి: భాగఫలం 69,05,092, శేషం 35. తర్వాత 1303, ఆపైన 1489... చివరిదాకా ఏదీ శేషం లేకుండా పోదు.

దీంతో మరో నిధి దొరికింది. 6 తనను వదిలేస్తే మిగిలే భాజకాలైన 1, 2, 3ల మొత్తానికి సమానం. 28 కూడా అంతే. ఇవి పరిపూర్ణ సంఖ్యలు. మెర్సెన్ ప్రధాన సంఖ్య దొరికిన ప్రతిసారీ ఒక పరిపూర్ణ సంఖ్య దొరుకుతుందని యూక్లిడ్ ఏనాడో నిరూపించాడు. మన సంఖ్య ఇచ్చింది 19 అంకెలది. ఇలాంటివి వింతలే తప్ప పనికొచ్చేవి కావు, ఇంతకన్నా పెద్దదాని కోసం ఎవరూ ప్రయత్నించరని 1811లో పీటర్ బార్లో రాశాడు. 1876లోనే ఎడువార్డ్ లూకా 39 అంకెల మెర్సెన్ ప్రధాన సంఖ్యను నిరూపించి అది తప్పని తేల్చాడు.

పనికిరానిదన్న మాటా నిలవలేదు. 32 బిట్ల కంప్యూటరు లెక్కలో ఒక బిట్ ధన, రుణ గుర్తుకు పోగా మిగిలేవి 31. అవన్నీ 1తో నిండితే మన సంఖ్యే! 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత గడియారాలకు ఆ హద్దు 2038 జనవరి 19న, మన కాలమానం ప్రకారం ఉదయం 8:44:07కి వస్తుంది. మరుసటి సెకనుకు అవి వెనక్కి, 1901 డిసెంబరుకు దూకుతాయి. అందుకే వ్యవస్థలను 64 బిట్లకు మారుస్తున్నారు.

హుండీలో ఇంకొక్క రూపాయి వేసి చూడండి. దేనికీ లొంగని సంఖ్య కాస్తా 31 సార్లు సగానికి సగం తెగుతుంది. గడియారం వెనక్కి దూకేదీ ఆ రూపాయి దగ్గరే.