బెన్నీ గుడ్‌మన్ బృందము: రేడియో శ్రోతలు నిలిపిన వాద్యగోష్ఠి

అమెరికా దేశమున ఒక వాద్యబృందమును రేడియో శ్రోతలు ఎట్లు నిలబెట్టిరో మేమిచ్చట తెలుపుచున్నాము.

1909లో చికాగోలోని పేద యూదు కుటుంబమున జన్మించిన బెన్నీ గుడ్‌మన్ బాల్యముననే క్లారినెట్ వాద్యము నభ్యసించెను. 1934లో ఆయన స్వంత బృందమును సమకూర్చుకొనెను. ఆ సంవత్సరాంతమున ఎన్.బి.సి. రేడియోలో శనివారము రాత్రులయందు ప్రసారమగు 'లెట్స్ డాన్స్' కార్యక్రమమున దానికి చోటు లభించెను. నల్లజాతి సంగీతవేత్త ఫ్లెచర్ హెండర్సన్ కూర్చిన వాద్యరచనలే ఆ బృందమునకు ప్రాణము.

1935 మే నెలలో ఆ కార్యక్రమము నిలిచిపోయెను. పిమ్మట సాగిన పర్యటనలో డెన్వర్ నగరమున ఆదరణ కరవై, బృందము చెదరిపోవునేమో యనిపించెను. కాని ఆగస్టు 21న లాస్ ఏంజలిస్ పాలోమార్ నృత్యశాలలో హెండర్సన్ రచనలు వినిపింపగనే యువజనులు వేదిక చుట్టు మూగి హర్షధ్వానములు చేసిరి.

ఈ భేదమునకు కారణము గడియారము. న్యూయార్కులో అర్ధరాత్రియగునప్పుడు కాలిఫోర్నియాలో తొమ్మిది గంటలే. తూర్పువారు నిద్రించువేళ వాయించిన పాటలను పడమటి యువకులు తీరికగ వినియుండిరి.

'స్వింగ్' అను ఆ జాజ్ రీతికి అప్పటినుండి దేశమంతట ఆదరణ పెరిగెను. శ్వేతజాతివారు, నల్లజాతివారు ఒకే వేదికపై వాయించుట అరుదైన ఆ దినములలో గుడ్‌మన్ 1935లో టెడ్డీ విల్సన్‌ను, 1936లో లయొనెల్ హాంప్టన్‌ను తన చిన్న బృందమున చేర్చుకొనెను. 1938 జనవరి 16న కార్నెగీ హాలులో కచేరీ జరిపెను. 1986లో ఆయన కీర్తిశేషుడయ్యెను.