కుంచం చెప్పే లెక్కలు

పోలవరం ప్రాజెక్టు వార్తలు చదివేవారికి 45.72 అనే సంఖ్య కొత్త కాదు. జలాశయం పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం అన్ని మీటర్లు. ఇంత చిల్లర అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకుంటే, అడుగుల్లోకి మార్చి చూడండి. సరిగ్గా 150! నీటిమట్టం అదే, కొలబద్ద వేరు.

కొలబద్దను కదపకుండా, సంఖ్యను రాసే పద్ధతి మార్చినా ఇలాంటి వింతే జరుగుతుంది. మనం పదులుగా కట్టలు కట్టి లెక్కపెడతాం. నాలుగేసి కడితేనో? ఇదేదో కొత్త గణితమని బెదరకండి. ధాన్యం కొలిచిన చేతులకు అది పాత సంగతే. నాలుగు గిద్దలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము. (తవ్వ, అడ్డ అనే సగం కొలతలూ ఉన్నాయి గాని, వాటిని ప్రస్తుతానికి పక్కన పెడదాం.)

ఇంట్లో 27 గిద్దల బియ్యం ఉన్నాయనుకోండి. పెద్ద పాత్రతో మొదలుపెట్టి కొలిస్తే ఒక మానిక, రెండు సోలలు, మూడు గిద్దలు. వరసగా రాస్తే 1, 2, 3. నాలుగు ఆధారంగా 27ను రాసే తీరు ఇదే. ఏ స్థానంలోనూ మూడుకు మించిన అంకె రాదు. నాలుగోది పడగానే పై పాత్ర నిండుతుంది. మనకు చిల్లరగా కనిపించే 64 ఇక్కడ ఒకటి పక్కన మూడు సున్నాలు. అంటే నిండు కుంచం!

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయిదీ ఇదే దారి: నాలుగు పావలాలు, పావలాకు నాలుగణాలు, అణాకు నాలుగు కానులు. పాత తెలుగు లెక్కల్లో పావులకు నిలువు గీతలు, వీసాలకు అడ్డగీతలు గీసేవారు. ఆ గుర్తులకు 2008లో యూనికోడ్‌లో చోటు దొరికింది.

ఇక అసలు సొగసు చూడండి. ముగ్గురు అన్నదమ్ములు ఆ బియ్యం పంచుకోవాలి. గిద్ద కూడా మిగలకుండా పంపకం కుదురుతుందా? భాగహారం అక్కరలేదు, అంకెలు కూడితే చాలు. 1, 2, 3 కలిపితే 6. అది మూడుతో నిశ్శేషంగా పోతుంది గనుక పంపకమూ కుదురుతుంది: తలా రెండు సోలల ఒక గిద్ద.

ఎందుకంటారా? సోలెడు బియ్యంలో ముగ్గురికీ తలొక గిద్ద ఇస్తే ఒక గిద్ద మిగులుతుంది. మానికలో తలొక సోల ఇచ్చాక మిగిలిన సోల, మళ్ళీ ఒక్క గిద్దనే మిగులుస్తుంది. కుంచమైనా తూమైనా అదే వరస. పాత్ర ఎంత పెద్దదైనా మిగిలేది ఒక్క గిద్దే కాబట్టి, పాత్రలు ఎన్నో లెక్కపెట్టుకుంటే సరిపోతుంది. బళ్ళో తొమ్మిదికి నేర్చుకున్న అంకెలు కూడే చిట్కా దీనికి తోబుట్టువు. పదికి ఒకటి తక్కువ తొమ్మిది, నాలుగుకు ఒకటి తక్కువ మూడు.

పుట్టి దగ్గర మాత్రం జాగ్రత్తపడాలి. పుట్టికి 20 తూములు. నాలుగు వరస అక్కడ తెగిపోయింది. ముగ్గురికీ తలా ఆరు తూములు పోగా రెండు తూములు, అంటే చివరికి రెండు గిద్దలు మిగులుతాయి. కనుక పుట్టిని ఒకటిగా కాక రెండుగా లెక్కపెట్టాలి. పుట్టెడు ధాన్యం మీద ఒక మానిక ఉంటే రెండూ ఒకటీ మూడు, పంపకం కుదిరినట్టే. తలా ఆరు తూములు, రెండు కుంచాలు, మూడు మానికలు.