నడిమి చూపు పోయాక

వయసు పైబడ్డాక వచ్చే మాక్యులర్ డీజనరేషన్ మనిషిని చీకట్లోకి నెట్టదు. ఈ జబ్బున్న పెద్దాయన ఇబ్రహీంపట్నం బస్టాండులో నిలబడితే బస్సు వచ్చిందని తెలుస్తుంది. అది యాచారం పోయేదో ఎల్బీనగర్ పోయేదో తెలియదు. ఎదురుగా ఎవరో వస్తున్నారని తెలుస్తుంది. గొంతు వింటేగానీ కొడుకో పక్కింటాయనో పోల్చుకోలేడు. పక్కనుంచి దూసుకొచ్చే బండిని తప్పుకుంటాడు, చేతిలో పెట్టిన నోటు వందో ఐదువందలో చెప్పలేడు. ఇంట్లోవాళ్ళకు ఇది అంతుపట్టదు. మూలన పడ్డ చెంబు కనిపించిన మనిషికి మా ముఖం కనిపించదా అని అనుమానపడతారు. అనుమానం అక్కర్లేదు, జబ్బు తీరే అంత. కంటి వెనక పరుచుకున్న రెటీనా పొరలో నట్టనడుమ దాదాపు 5.5 మిల్లీమీటర్ల మేర ఉన్న భాగం మాక్యులా. సన్నని వివరాలను పట్టే కోన్ కణాలు బాగా కిక్కిరిసి ఉండేది దాని మధ్యనే. చదవడం, సూదిలో దారం ఎక్కించడం, ముఖాలు పోల్చుకోవడం ఆ కాస్త చోటు మీదే ఆధారపడ్డాయి. అక్కడి కణాలు మెల్లగా నశిస్తూ పోతే పొడి రకం. రెటీనా కింద కొత్త రక్తనాళాలు మొలిచి, కారి, వాపు తెస్తే తడి రకం. రెండింటిలోనూ చుట్టూ ఉన్న రెటీనా చాలావరకు బాగానే ఉంటుంది. నా వాదనంతా ఈ చివరి సంగతి మీదే నిలబడి ఉంది. మిగిలిన చూపును వాడుకోవడం నేర్పవచ్చు, అలా నేర్పడం కూడా వైద్యమే, దాన్ని మండల కేంద్రం దాకా తీసుకురావాలి.

ఎల్వీ ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ 1996–2000 మధ్య హైదరాబాద్ నగరంలోనూ పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ 10,293 మందిని పరీక్షించింది. 40 ఏళ్ళు, ఆపైన ఉన్నవాళ్ళలో 1.82 శాతం మందికి ఈ జబ్బు కనిపించింది. బాగా చుట్టలు కాల్చేవాళ్ళలో ఇంకా ఎక్కువగా కనిపించింది. చుట్ట వదలని మన పల్లె పెద్దలకు ఈ మాట ఎవరైనా చెప్పాలి. ఒకటీ రెండు శాతం ఎంతలే అనిపించవచ్చు. 50,000 జనాభాలో మూడోవంతు మంది నలభై దాటినవాళ్ళనుకుంటే, దాదాపు 300 మంది అవుతారు. అందరికీ చూపు పోయి ఉండదు, కానీ ముప్పు అందరికీ ఉంది. మోతిబిందుతో పోలిస్తే ఈ సంఖ్య తక్కువ, పైగా మోతిబిందు తీసేస్తే చూపు తిరిగొస్తుంది, కాబట్టి ఉన్న డబ్బు ముందు దానికే పెట్టాలన్న మాటలో న్యాయముంది. అయితే మోతిబిందు శిబిరానికి వచ్చేవాళ్ళలోనే వీళ్ళూ ఉంటారు. 2018 ఆగస్టు 15న మొదలై, 2023 జనవరిలో రెండో విడత మొదలుపెట్టిన తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు ఒక్కో విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్షించింది. అద్దాలతో తేరుకునేవాళ్ళకు, ఆపరేషన్ కావాల్సినవాళ్ళకు అలాంటి పరీక్షలు గొప్ప మేలు. అద్దాలు పనిచేయక, ఆపరేషన్ అవసరం లేక మిగిలిపోయే మనిషిని ఎక్కడికి పంపాలి? ఇంటికే పంపిస్తున్నాం. వెతికి పట్టుకునే ఖర్చు అప్పటికే అయిపోయింది; ఆ తర్వాతి అడుగుకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు.

ఆ అడుగు ఏమిటో వివరంగా చూడాలి. నడిమి చోటు పాడయ్యాక, దాని పక్కన బాగున్న రెటీనాలో ఒక చోటును కన్ను కొత్త గురిగా ఎంచుకుంటుంది. చాలామందిలో కొన్ని నెలల్లో ఇది దానంతటదే జరుగుతుంది. కానీ గురి నిలకడగా ఉండదు, ఒక్కోసారి పనికి అనువైన వైపు పడదు. శిక్షకుడు ఎదుట కూర్చుని, తన ముఖాన్ని గడియారంగా ఊహించుకోమని, పన్నెండు మీద, మూడు మీద, ఆరు మీద వరసగా చూపు నిలపమంటాడు. ఎక్కడ చూసినప్పుడు ముక్కూ నోరూ తేటగా కనిపించాయో అదే ఆ మనిషి కొత్త గురి. దాన్ని కదలకుండా పట్టి ఉంచడం అభ్యాసంతోనే వస్తుంది. పక్కచూపులో కోన్ కణాలు పలచన కాబట్టి అక్షరం పెద్దదిగా ఉండాలి, అక్షరాల మధ్య ఎడం ఉండాలి. తెలుగు చదివేవాళ్ళకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ద, ధ, థ మధ్య తేడా అంతా పొట్టలో ఒక చుక్క, కింద ఒక చిన్న గీత. వత్తులు పంక్తి కిందికి దిగి కింది పంక్తి గుడులతో, కొమ్ములతో కలిసిపోతాయి. అక్షరాన్ని పెంచి, పంక్తుల మధ్య ఖాళీ పెంచకపోతే సగం పనే అయినట్టు. భూతద్దం సంగతీ అంతే. 20 డయాప్టర్ల అద్దాన్ని కాగితానికి 5 సెంటీమీటర్ల ఎత్తులో పట్టాలి, కంటిని దానికి దగ్గరగా తేవాలి. పవర్ పెరిగేకొద్దీ ఒక్కసారి కనిపించే అక్షరాలు తగ్గుతాయి. ఇది చెప్పేవాళ్ళు లేక, దుకాణంలో కొన్న అద్దాన్ని చేయి చాచి పట్టుకుని, ఏమీ కనిపించక అలమరలో పడేస్తారు. దగ్గర పెట్టుకుని చదివితే ఉన్న కళ్ళూ పోతాయన్న భయం దీనికి తోడు. ఆ భయానికి ఆధారం లేదు. వెలుతురు కూడా దూరాన్ని బట్టే: రెండడుగుల దూరంలోని దీపాన్ని అడుగు దూరానికి తెస్తే కాగితం మీద వెలుతురు నాలుగింతలవుతుంది.

పల్లెల్లో చదువు రాని పెద్దలు చాలామంది ఉన్నారు, వాళ్ళకు ఇదంతా ఎందుకని అడగవచ్చు. వాళ్ళకు గమ్యం అక్షరం కాదు గనుక పని అక్కడినుంచి మొదలుపెట్టకూడదు. బియ్యంలో రాళ్ళు ఏరడం, మజ్జిగ ఒలకకుండా గ్లాసులో పోయడం, బీపీ మాత్రను షుగరు మాత్రను వేరుచేయడం, అంగట్లో చిల్లర సరిచూసుకోవడం, ఫోనులో బిడ్డ నంబరు పట్టుకోవడం: ఎవరికి ఏది కావాలో వాళ్ళనే అడగాలి. తెల్లటి అన్నం, తెల్లటి పెరుగు మెరిసే స్టీలు కంచంలో కలిసిపోతాయి. ముదురు రంగు కంచంలో తేలి కనిపిస్తాయి. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప ఇలాంటి కంటికి సులువుగా అందుతుంది, సిమెంటు రంగులో కలిసిపోయిన మెట్టు అంచు అందదు; ఆ అంచుకు పసుప్పచ్చ రంగు పూస్తే చాలు. కొత్త 500 నోటు రెండంచుల మీద ఐదేసి, 100 నోటు మీద నాలుగేసి ఉబ్బెత్తు గీతలుంటాయి, వేలితో తడిమి చెప్పవచ్చు. నోటును చూసి విలువ చెప్పే 'మణి' అనే ఫోను యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చింది.

ఇవన్నీ చిట్కాలు, వైద్యమని ఎలా అంటారన్నది గట్టి ప్రశ్నే. అమెరికాలో మాక్యులా జబ్బులున్న 126 మంది మాజీ సైనికుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఒక జట్టుకు వెంటనే శిక్షణ ఇచ్చారు, మరో జట్టును నాలుగు నెలలు వేచి ఉండమన్నారు. శిక్షణ పొందినవాళ్ళ చదివే శక్తి బాగా పెరిగింది, వేచి ఉన్నవాళ్ళది కొంత తగ్గింది. సరే, శిక్షణ దేనికి, పరికరాలిస్తే చాలదా? అదీ పరీక్షించారు, 323 మంది మీద. ఫలితం 2017లో వచ్చింది. చూపు కొద్దిగానే తగ్గినవాళ్ళకు పరికరాలూ, వాటిని వాడే తీరు చెప్పడమూ చాలాయి. చూపు సుమారు 6/18 కన్నా దిగజారినవాళ్ళకు మాత్రం శిక్షకుడు వెంట ఉండి నేర్పడమే ఎక్కువ మేలు చేసింది. తక్కువ ఖర్చుతో ఎవరికి సరిపోతుందో, ఎక్కువ శ్రమ ఎవరికి పెట్టాలో చెప్పే ఇలాంటి ఫలితం మనలాంటి చోట్ల మరీ విలువైనది. అన్ని ఫలితాలూ అనుకూలంగా లేవు. మాంచెస్టర్‌లో మామూలు సేవకు తోడు ఇంటికి వెళ్ళి అదనపు సాయం చేసినా కొలవదగ్గ లాభం కనిపించలేదని 2004లో తేలింది. ఇంటికి వెళ్ళడంలోనే మహిమ లేదు, వెళ్ళి ఏం నేర్పుతారన్నదే ముఖ్యం అని నేను దీన్ని అర్థం చేసుకుంటాను. ముసలితనంలో కొత్త విద్య అబ్బదనే మాటకు వేరే జవాబు అక్కర్లేదు. ఈ పరీక్షల్లో నేర్చుకున్నవాళ్ళలో ఎక్కువమంది డెబ్భై దాటినవాళ్ళే.

ఇంట్లో కోడలుంది, మనవళ్ళున్నారు, చూసుకుంటారు కదా అనేవాళ్ళున్నారు. చూసుకుంటారు, నిజమే. కానీ అన్నీ ఒకరు అందిస్తూ ఉంటే మనిషి ఒక్కో పనీ వదిలేస్తూ చివరికి మంచానికే పరిమితమవుతాడు. అమెరికాలోనే, రెండు కళ్ళకూ ఈ జబ్బుండి దిగులు మొదలైన 188 మంది వృద్ధుల మీద చేసిన పరీక్ష 2014లో అచ్చయింది. చూపు శిక్షణతో పాటు, ఇష్టమైన పనుల్లోకి మళ్ళీ దించే ప్రయత్నం చేసినవాళ్ళలో నాలుగు నెలలకు 12.6 శాతం మంది డిప్రెషన్‌లోకి జారారు. శిక్షణతో పాటు ఊరడింపు మాటలే దక్కినవాళ్ళలో 23 శాతానికి పైగా. దాదాపు సగానికి సగం తేడా. ఇంకో సంగతి కూడా కుటుంబాలకు తెలియాలి. చూపు తగ్గిన కొందరికి లేని మనుషులు, పూలు, జంతువులు కనిపిస్తాయి. స్విట్జర్లాండ్‌కు చెందిన చార్లెస్ బోనే 1760లోనే తన తాతగారిలో దీన్ని గమనించి రాశాడు. కంటి నుంచి కబురు తగ్గినప్పుడు మెదడు తనంతట తాను బొమ్మలు కడుతుంది, అంతే. మతి చలించడం కాదు. మన దగ్గర దీన్ని గాలి సోకిందనుకుంటారు, లేదా అలా అనుకుంటారని భయపడి ఆ పెద్దలు ఎవరికీ చెప్పరు. ఇది జబ్బులో భాగమేనని తెలిసినవాళ్ళు ఒక్క మాట చెబితే ఆ భయం చాలావరకు తీరుతుంది.

ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాద్ దాదాపు 30 కిలోమీటర్లు. ఒక్కసారి వెళ్ళి ఆపరేషన్ చేయించుకురావడానికి అది దూరం కాదు. నాలుగైదుసార్లు వెళ్ళాల్సిన శిక్షణకు, వెంట వచ్చేవాళ్ళు ప్రతిసారీ కూలి పోగొట్టుకోవాల్సిన చోట, అది చాలా దూరం. 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ సంస్థలో చూపు పునరావాసానికి ప్రత్యేక విభాగం ఉంది. పల్లెల కోసం 5,000 మందికి ఒక విజన్ గార్డియన్, 50,000 మందికి ఒక విజన్ సెంటర్ అన్న నమూనాను రూపొందించిందీ ఆ సంస్థే. విజన్ సెంటర్‌ను నడిపే టెక్నీషియన్ ఏడాది శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులే. గడియారం అభ్యాసం, భూతద్దం పట్టే తీరు, దీపం, కంచం, గడప, నోటు గీతలు: వీళ్ళకు నేర్పలేని విద్య ఇందులో ఏదీ లేదు. క్లిష్టమైన కేసులను నగరానికి పంపితే సరిపోతుంది.

చివరి అభ్యంతరం కంటి వైద్యుల నుంచే వస్తుంది: సూదిమందు ఉండగా పునరావాసం ముందెందుకు? 2006లో రానిబిజుమాబ్ అనే ఆ సూదిమందుకు అమెరికాలో అనుమతి వచ్చాక తడి రకం చికిత్స మారిపోయిన మాట నిజం. అయితే తడి రకం పదిమందిలో ఒకరిద్దరిదే. ఆ సూది కారడాన్ని ఆపుతుంది, చచ్చిన కణాలను బతికించలేదు. అందుకే ఎంత త్వరగా పడితే అంత మేలు. త్వరగా పడాలంటే మార్పును ఇంట్లోనే పసిగట్టాలి. ఒక కంట్లో తడి రకం వచ్చినవాళ్ళకు రెండో కంటికీ ముప్పు ఎక్కువ. ఒక్కో కన్ను విడిగా మూసి రోజూ కిటికీ ఊచల వైపో తలుపు చట్రం వైపో చూడాలి. నిటారుగా ఉండాల్సిన గీత వంకర తిరిగినా, నడుమ కొత్తగా మచ్చ కనిపించినా, వచ్చే నెల అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఒకటి రెండు రోజుల్లోనే రెటీనా వైద్యుడి దగ్గరికి చేరాలి. దీన్ని నేర్పి, చేస్తున్నారో లేదో కనుక్కుంటూ ఉండేది నగరంలోని రెటీనా నిపుణుడు కాలేడు, ఆయనకు అంత తీరిక ఉండదు. భూతద్దం పట్టడం నేర్పిన ఊరి టెక్నీషియనే ఆ పనీ చేయాలి.